పైసల్లేవంటే ముందు కోసేది కూలోళ్ల కంచమేనా?

ఉపాధి హామీ చట్టాన్ని పక్కన పెట్టి 2025 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 100 రోజుల పని 125 రోజులైందని ఢిల్లీ పెద్దలు గొప్పగ చెప్పుకుంటున్నరు. వినడానికి బాగనే ఉన్నది. కానీ పాత చట్టం కింద కూలి పైసలు మొత్తం కేంద్రమే ఇచ్చేది, సామాన్ల ఖర్చులోనే రాష్ట్రం నాలుగో వంతు పెట్టుకునేది. కొత్త చట్టంలో మన అసొంటి రాష్ట్రాలు కూలిలో కూడా నూటికి 40 రూపాయలు పెట్టుకోవాలె. ఏ రాష్ట్రానికి ఎంత ఇచ్చేది కేంద్రం ముందే గీత గీస్తది. ఆ గీత దాటిన ఖర్చు రాష్ట్రం నెత్తిన పడ్తది. నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పని బంద్ పెట్టే వీలు కూడా అందులో రాసుకున్నరు. అడిగినోళ్లకు పని ఇచ్చి తీరాలన్న హక్కు ఇట్ల పైసలున్నకాడికే పని అన్న కాడికి దిగింది.

మరి పైసలున్నయా? 2023 డిసెంబర్‌లో గద్దెనెక్కంగనే కాంగ్రెస్ సర్కారు అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు 6 లక్షల 71 వేల కోట్లని చెప్పింది. ఆ లెక్కనే తప్పని బీఆర్ఎస్ వాళ్లు లొల్లి చేసిన్రు. ఆ పంచాయితీ ఎటు తేలినా, అప్పటి సంది ఏది అడిగినా వచ్చే జవాబు ఖజానా ఖాళీ అనే. ఇటువంటి ఖజానా మీద ఢిల్లీ ఇంకో మూట ఎత్తింది. ఆ మూటను సర్కారు మోస్తదా, లేకుంటే పనిదినాలు కోసి కూలోళ్ల నెత్తికి మారుస్తదా? ఇటువంటి కాలాన్ని తెలంగాణ ఒకసారి చూసింది. అప్పుడు కూడా కథ శ్వేతపత్రాలతోనే మొదలైంది.

1983 ఏప్రిల్‌లో ఎన్టీ రామారావు సర్కారు కిలో 2 రూపాయల బియ్యం పెట్టింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోల దాకా. జొన్న గట్క తప్ప వరి బువ్వ పండుగకే ఎరుకైన ఎన్నో ఇండ్లల్ల రోజూ బియ్యం ఉడికింది ఆ కంట్రోలు బియ్యంతోనే. 1995లో వెన్నుపోటుతోటి కుర్చీ చేతికందిన చంద్రబాబు నాయుడు మరుసటి ఏడాది శ్వేతపత్రాలు అచ్చువేయించి, సబ్సిడీలతో రాష్ట్రం మునుగుతున్నదని చాటిండు. 1996లో 2 రూపాయల బియ్యం మూడున్నరైంది. 2000లో 5 రూపాయల 25 పైసలైంది. ఆ ఏండ్లల్లోనే కోటా కూడా ఇంటికి 25 కిలోల నుంచి 20కి దిగింది. లెక్క కట్టి చూడుండ్రి. 50 రూపాయలకు 25 కిలోలు తెచ్చుకున్న ఇల్లు, 105 రూపాయలు పెట్టి 20 కిలోలు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఐదు కిలోలు తక్కువ, యాభై ఐదు రూపాయలు ఎక్కువ. సెక్రటేరియట్‌లో కూసున్నోళ్లకు యాభై ఐదు రూపాయలు చాయ్ పైసలు. కరువు మీద కరువొచ్చి పనే దొరకని పాలమూరు కూలికి అవి ఏ దొర గడపకాడనో అప్పు తెచ్చుకోవాల్సిన పైసలు.

అప్పుడు చెప్పిన కారణం బోగస్ కార్డులు. బోగస్ కార్డులు లేవని మేము అనం. ఇండ్ల కన్నా కార్డులే ఎక్కువున్న మాట అందరికీ ఎరుకే, డీలర్లు బియ్యం మిల్లుకు మళ్లించుడు కూడా కొత్త సంగతి కాదు. కానీ రేటు పెంచితే దొంగ డీలర్‌కు ఏం నష్టం? వానికి బహిరంగ మార్కెట్‌లో అప్పటికీ లాభమే మిగులుతది. పైసలు జమ చేసుకోలేక కోటా ఇడిసిపెట్టిన అసలు కార్డుదారు వాటా కూడా వాని తక్కెడలకే పోతది. దొంగను పట్టే పనికి తెలివి కావాలె, ధైర్యం కావాలె. రేటు పెంచే పనికి ఒక జీవో చాలు.

ఖజానాకు నిజంగనే పైసలు కావాల్నంటే ఆ సర్కారుకు దారులు దొరకలేదా? 1995 జనవరిలో వచ్చిన మద్య నిషేధాన్ని 1997లో సడలించి బ్రాందీ దుకాణాలు మళ్ల తెరిచిన్రు. ఇంటికొచ్చే బియ్యం తగ్గె, ఇంటి నుంచి పోయే పైసలు పెరిగె. 1998లో ప్రపంచబ్యాంకు దగ్గర 54 కోట్ల డాలర్లకు పైన అప్పు దేబిరించుకున్నరు. ఆ తర్వాత కరెంటు చార్జీలు పెంచిన్రు. 2000 ఆగస్టు 28న ఆ పెంపును అడ్డుకోను వచ్చినోళ్ల మీద బషీర్‌బాగ్‌లో తుపాకులు పేల్చిన్రు, ముగ్గురు ప్రాణాలిడిసిన్రు. ఎనిమిది నెలలు తిరగకముందే, 2001 ఏప్రిల్‌లో, తెలంగాణ మాట కొత్తగ జెండా కట్టుకున్నది. నీళ్లు, నిధులు, నియామకాల గురించి మనం పుస్తకాలు పుస్తకాలు రాసుకున్నం. కానీ కంట్రోలు దుకాణం కాడ వట్టి సంచితోని మర్లిన అవ్వల కోపం కూడా ఈ ఉద్యమానికి ఊపిరి పోసిందని రాసింది తక్కువ.

అదే కాలంలో దేశం గోదాములు ఎట్ల ఉండెనో యాది చేసుకోవాలె. 2002 నాటికి ఆహార సంస్థ దగ్గర ఆరు కోట్ల టన్నులకు పైన ధాన్యం మూలుగుతుండె. రేటు పెరిగి జనం కొనలేకపోవుడు దానికి ఒక కారణం. ఎలుకలు తింటున్న ఆ గింజల సంగతే 2001లో పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టు మెట్లెక్కించింది. బడి పిల్లలకు వండిన అన్నం పెట్టాలన్న ఆర్డర్ ఆ కేసులోనే వచ్చింది. కోత వల్ల మిగిలినయని చెప్పిన పైసలు గింజలై గోదాములల్ల పురుగు పట్టినయన్నమాట.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో మొదటి విడతకు తీసుకున్న 13 జిల్లాలల్ల 9 మనవే, హైదరాబాద్ తప్ప తెలంగాణ మొత్తం. దేశంలో అందరికన్న వెనుకబడ్డ జిల్లాలను ఏరితే మనమంతా అందులో తేలినం. అన్నపూర్ణ అని పొగిడించుకున్న రాష్ట్రంలో మన బతుకు ఏ తీరుగ ఉండెనో ఇంతకన్న సర్టిఫికెట్ అక్కర్లేదు. ఊర్లల్ల దానికి పెట్టుకున్న పేరు కరువు పని. బొంబాయి బస్సులు ఆగిపోయినయని చెప్తే అబద్ధమైతది. కానీ ముసలి తల్లిదండ్రులను, బడి పిల్లలను ఇడిసి పోవాల్సిన అక్కర కొన్ని ఇండ్లకన్నా తప్పింది. ఆడోళ్ల కూలి గురించి ఆసాములు బేరం మాట్లాడే తీరు మారింది.

కరోనాలో లాక్‌డౌన్ పెట్టి పట్నాల నుంచి జనాన్ని నడిపించినప్పుడు, ఊరికి చేరినోళ్లకు దొరికింది ఈ పనే. 2020-21లో కేంద్రం దీని మీద లక్షా 11 వేల కోట్ల దాకా ఖర్చు పెట్టింది. మరుసటేడు బడ్జెట్‌లో రాసింది 73 వేల కోట్లు. 2023-24కు రాసింది 60 వేల కోట్లు. ఏడాది నడుమ మళ్ల 86 వేల కోట్లకు పెంచాల్సి వచ్చింది, అడిగేటోళ్లు తగ్గలేదు కాబట్టి. రేటు పెంచే కాలం పోయింది, ఇప్పుడు యాప్‌ల కాలం. 2023 జనవరి నుంచి పనికాడ రోజుకు రెండుసార్లు ఫోటో దిగాలె, 2024 జనవరి నుంచి ఆధార్ ముడిపడితేనే కూలి. సిగ్నల్ లేని గుట్టల నడుమ ఫోటో ఎక్కకపోతే మన్ను మోసిన మనిషి హాజరు లేనట్టే.

ఆంధ్ర పాలకులను తిట్టి, ఢిల్లీని తిట్టి ఆగితే ఈ పత్రిక తన పని సగమే చేసినట్టు. స్వరాష్ట్రం వచ్చినంక 2015 జనవరి నుంచి మనిషికి 6 కిలోలు, ఇంటికి ఇంతే అన్న పరిమితి లేకుంట, రూపాయికే కిలో ఇచ్చిన్రు. అది మన రాష్ట్రం చేసిన మంచి పని, కొట్లాట ఊకనే పోలేదనిపించింది. అదే సర్కారు ఇంకో చేత్తోటి లక్షల కార్డులు రద్దు చేసింది. ఇంటింటికి పోయి విచారణ చేయకుంట, కంప్యూటర్ లెక్క పెట్టి తీసేసిన్రు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దైన 19 లక్షల కార్డులను ఊర్లల్లకు పోయి మళ్ల పరిశీలించుమని చెప్పాల్సొచ్చింది. చంద్రబాబు బియ్యం రేటు పెంచిండు, మనోళ్లు కార్డే గుంజుకున్నరు. ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆడుతలేదు, కానీ రాయకుంట ఉండలేం. అది కరువు కాలం కూడా కాదు. మిగులు రాష్ట్రమని పాలకులు చాటుకున్న కాలం. 2018 నుంచి రైతుబంధు కింద ఎన్ని ఎకరాలుంటే అన్ని ఎకరాలకూ పైసలు పడ్డయి. ఆ భూమిని కౌలుకు దున్నినోనికి మాత్రం పైస రాలేదు.

ఇప్పటి సర్కారు ఎన్నికలప్పుడు 2,016 రూపాయల పింఛన్‌ను 4,000 చేస్తమని ఇంటింటికీ కార్డులు పంచింది. 2025 చివరికి కూడా అది 2,016 కాడనే ఉండె. 2019లో ఆ రేటు పెట్టినప్పుడు నూనె ధర ఎంత, పప్పు ధర ఎంత, ఇప్పుడెంత? పెంచకపోవుడు కూడా కోతనే. దీనికి జీవో కూడా అక్కర్లేదు.

అందుకే అసెంబ్లీలో మన ఎమ్మెల్యేలను ఒక మాట అడుగుతున్నం. ఉపాధి పనికి రాష్ట్రం పెట్టాల్సిన 40 వంతుల పైసలు బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కింద, ఎంత రాస్తున్నరు? కేంద్రం గీసిన గీత దాటి జనం పని అడిగితే ఆ కూలి ఎవరిస్తరు? ఆ అంకె సభలో చదవాలె. రద్దైన 19 లక్షల కార్డులల్ల ఎన్ని మళ్ల ఇచ్చిన్రో, ఎన్ని ఏ కారణంతో ఇయ్యలేదో ఊరూరి పేర్లతోని పంచాయతీ గోడ మీద అంటించాలె.