మన వివరాలకు కాపలా ఎవరు?
సమాచార భద్రతపై గద్దెనెక్కితే ఒక మాట, దిగితే ఒక మాట

బోగోలు: జువ్వలదిన్నె తీరంలో వేట నిషేధ భృతి అందుకునే మత్స్యకారుడైనా, బిట్రగుంటలో పింఛను తీసుకునే వృద్ధురాలైనా ప్రభుత్వానికి ముందుగా ఇవ్వాల్సింది ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, వేలిముద్ర. ఆ వివరాలు ఎక్కడ భద్రపడుతున్నాయి, ఎవరి చేతికి చేరుతున్నాయి అన్నది వారికి తెలియదు. రాష్ట్ర రాజకీయాల్లో ఈ అంశంపై ఏళ్ల తరబడి ఆరోపణలు, ప్రత్యారోపణలు సాగాయి. అయినా సామాన్యుడికి భరోసా మాత్రం దక్కలేదు. రెండు ప్రధాన పక్షాల తీరును పక్కపక్కన పెట్టి చూస్తే కారణం బోధపడుతుంది.

2019: సేవామిత్ర రగడ

2019 సార్వత్రిక ఎన్నికల ముంగిట హైదరాబాద్‌లోని ఐటీ గ్రిడ్స్ సంస్థపై సైబరాబాద్ పోలీసులు కేసు నమోదు చేయడంతో దుమారం రేగింది. తెలుగుదేశం పార్టీ కార్యకర్తల కోసం ఈ సంస్థ 'సేవామిత్ర' యాప్‌ను నడిపేది. లబ్ధిదారుల వివరాలు, ఓటర్ల జాబితా ప్రభుత్వం నుంచి పార్టీకి చేరాయని, వాటితో ప్రత్యర్థుల ఓట్లు తొలగిస్తున్నారని వైఎస్సార్ కాంగ్రెస్ ఆరోపించింది. అది కార్యకర్తలు శ్రమించి సేకరించిన తమ సొంత సమాచారమని, తెలంగాణ పోలీసులే దానిని ప్రత్యర్థులకు చేరవేశారని తెలుగుదేశం ఎదురుదాడికి దిగింది. రెండు రాష్ట్రాలూ పోటాపోటీగా ప్రత్యేక దర్యాప్తు బృందాలను నియమించాయి.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఆధార్ ప్రాధికార సంస్థ మాదాపూర్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. స్వాధీనం చేసుకున్న హార్డ్‌డిస్కుల్లో 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఉన్నట్లు అందులో పేర్కొంది. తమ కేంద్ర సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని కూడా స్పష్టం చేసింది.

అంతకు ఏడాది ముందే, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి లక్షలాది గృహనిర్మాణ, ఉపాధి హామీ లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు బహిరంగంగా కనిపించిన ఉదంతం వెలుగు చూసింది. రాష్ట్రానికి సైబర్ భద్రతా విధానాన్ని 2017లో ప్రకటించింది కూడా నాటి తెలుగుదేశం ప్రభుత్వమే. విధానం కాగితంపై ఉంది, తాళం మాత్రం పడలేదు.

పాత్రలు మారాయి

అధికారంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థను ప్రారంభించింది. దాదాపు 50 ఇళ్లకు ఒకరు చొప్పున రెండున్నర లక్షల మందికి పైగా నియమితులయ్యారు. పథకాలు ఇంటి గడపకు చేరాయి. దాంతోపాటే కుటుంబంలో ఎవరెక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారన్న వివరాలూ వాలంటీరు ఫోన్‌లోకి ఎక్కాయి. నిన్నటి వరకు ఫిర్యాదుదారు అయిన పార్టీ ఈసారి సమాధానం చెప్పుకోవాల్సిన స్థానంలో నిలిచింది.

2022లో భూమన కరుణాకర్‌రెడ్డి అధ్యక్షతన శాసనసభా సంఘం గత ప్రభుత్వ హయాంలోని సమాచార చౌర్యంపై విచారణ జరిపి, సెప్టెంబరులో మధ్యంతర నివేదిక ఇచ్చింది. తమ హయాంలో సేకరిస్తున్న సమాచారానికి అదే కొలమానాన్ని పాలకపక్షం వర్తింపజేయలేదు. 2023 జులైలో జనసేన అధినేత పవన్‌కల్యాణ్ వాలంటీర్లు సేకరించే వివరాలపై తీవ్ర ఆరోపణలు చేసినప్పుడు ప్రభుత్వం వాటిని ఖండించింది. 2024 ఎన్నికలకు ముందు పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను ఎన్నికల సంఘం దూరం పెట్టింది.

వాలంటీర్ల వద్ద ఉన్న సమాచారాన్ని ప్రశ్నించిన కూటమి కూడా ఆ వ్యవస్థను రద్దు చేస్తామని ఓటర్లకు చెప్పలేదు. పైపెచ్చు గౌరవ వేతనాన్ని రూ.10 వేలు చేస్తామని 2024 ఉగాది నాడు చంద్రబాబు హామీ ఇచ్చారు. గెలిచాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. ఆ ఫోన్లలో పోగుపడిన వివరాల గతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. 2025 జనవరి 30న మంత్రి లోకేశ్ ప్రారంభించిన 'మన మిత్ర'తో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సౌలభ్యం పెరిగింది, బాధ్యత అంతకు మించి పెరిగింది.

నష్టం ఎవరికి?

ఇది పార్టీల తగాదాగా మిగిలిపోయే విషయం కాదు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకళ్లు తయారుచేసి, ఖాతాల్లోని సొమ్ము కాజేసిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. పొలం అమ్మిన రైతు వేలిముద్రే దొంగకు తాళంచెవి అయింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకునే వీలు లేదు.

కేంద్రం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. రక్షణ చర్యల్లో విఫలమైన సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు. అయితే సబ్సిడీలు, పథకాల కోసం వివరాలు వాడుకునేందుకు ప్రభుత్వాలు ప్రతిసారీ పౌరుడి సమ్మతి పొందనక్కరలేదు. దేశ భద్రత వంటి కారణాలపై కేంద్రం తాను ఎంపిక చేసిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచి మినహాయించవచ్చు. జరిమానా సొమ్ము ఖజానాకు చేరుతుందే తప్ప నష్టపోయిన వ్యక్తికి పరిహారం దక్కదు. పల్లె ప్రజలు అత్యధికంగా వివరాలు ఇచ్చేది ప్రభుత్వానికే కనుక, ఈ సడలింపులు నేరుగా తాకేది వారినే.

అడగాల్సిన ప్రశ్నలు

కావలి అసెంబ్లీకి, నెల్లూరు లోక్‌సభకు పోటీపడే వారిని రహదారి, తాగునీరు, గిట్టుబాటు ధర గురించి ఓటర్లు నిలదీస్తారు. ఇకపై మరో మూడు ప్రశ్నలు చేర్చుకోవాలి. మీ పార్టీ యాప్‌లో మా వివరాలు ఉన్నాయా? ఉంటే ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రభుత్వం చేతిలోని సమాచారం బయటకు పొక్కితే నష్టపోయిన వారికి పరిహారం ఎవరు ఇస్తారు?

మొదటి రెండింటికి ఇరుపక్షాలూ ఎదుటివారిని చూపిస్తూ వచ్చాయి. మూడో ప్రశ్నకు బదులిచ్చే అభ్యర్థి ఎవరో చూడాలి. ఈలోగా ఖాతాలో సొమ్ము మాయమైన వారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయడం చేతిలో ఉన్న ఒక మార్గం.