గీతలు నిండుగా, నెట్టు నిండుకుంది!

ఈ వ్యాసాన్ని సంపాదకవర్గానికి ఎక్కణ్ణుంచి పంపానో ముందే మనవి చేసుకోవడం మంచిది. రాసింది హాస్టల్ గదిలో. పంపింది మాత్రం కాలేజీ గేటు బయట చాయ్ దుకాణం బల్ల మీద కూచుని. నా ఫోన్‌లో ఆ రోజు డేటా అప్పటికే అయిపోయింది. చాయ్ పోసే అన్న తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, "పంపుకో తమ్మీ" అన్నాడు. గదిలో ఉన్నంతసేపూ కాలేజీ వై-ఫై గీతలు ఫోను మీద నిండుగానే కనబడ్డాయి. నెట్టు మాత్రం నిండుకుంది. ఇంట్లో బియ్యం లేకపోతే "లేవు" అనరాదు, "నిండుకున్నాయి" అనాలని పెద్దలు చెబుతారు. మా హాస్టల్ వై-ఫై పరిస్థితి చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

నవ్వుకుని పక్కన పెట్టేసే విషయమా ఇది? కాదని నా అభిప్రాయం. వెనకటి తరం విద్యార్థికి గ్రంథాలయం ఎట్లాంటిదో నేటి విద్యార్థికి వై-ఫై అట్లాంటిది. గ్రంథాలయానికి తాళం వేసి వారం రోజులు తీయకపోతే ధర్నా చేస్తాం. వై-ఫై నెల రోజులు రాకపోయినా "ఎప్పుడూ ఇంతేలే" అని సర్దుకుపోతాం. ఈ సర్దుబాటులో నష్టపోయేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న.

మాది అమ్రాబాద్. నల్లమల కొండల మీది ఊరు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. శ్రీశైలం పోయే యాత్రికులు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే కారు అద్దాలు దించి చూసే అడవి మాదే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఆ అడవిలో పులి నడిస్తే చెట్టుకు కట్టిన కెమెరాకు దొరుకుతుంది. కాని 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు మాలాంటి పిల్లల హాజరు మాత్రం ఎవరికీ దొరకలేదు!

అప్పుడు నేను ఇంటర్మీడియట్. మా చెలక పక్కన గుట్ట మీద ఒక బండ ఉంది. ఆ బండకు ఒక మూల నిలబడితే రెండు గీతలు, ఒక్క అడుగు జరిగితే సున్న. దగ్గరి చెంచు పెంట నుంచి నా దోస్తు ఒకడు వచ్చేవాడు. వాడికి ఫోను లేదు. ఇద్దరం ఒకే ఫోను ముందు తల పెట్టి పాఠం వినేవాళ్ళం. సద్ది తెచ్చిన మా అవ్వ ఒకనాడు ఆ ఫోనుకేసి చూసి, "గంత పెద్ద కాలేజి గింత డబ్బల ఎట్ల పట్టింది బిడ్డా?" అని అడిగింది. పట్టలేదు అవ్వా అని చెప్పాలనిపించింది. ఆ మరుసటి ఏడు నా దోస్తు చదువు మానేశాడు. ఇప్పుడు కూలిపనికి పోతున్నాడు. ఫోను లేకనే మానేశాడని నేను అనను. ఇంట్లో ఇంకా నూరు కారణాలు ఉంటాయి. కాని ఆ నూరింటిలో అదీ ఒకటి.

కాబట్టి యూనివర్సిటీ హాస్టల్‌లో కాలు పెట్టిన నాడు, బండ ఎక్కే పని తప్పిందనుకున్నాను. గోడకు తెల్లటి వై-ఫై డబ్బా, దాని మీద పచ్చ దీపం. అంతా బాగుంది. తీరా చూస్తే ఆ డబ్బా నా ఫోనును గుమ్మం దాకా రానిస్తుంది, లోపలికి పిలవదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఆఫీసులో కంప్యూటర్లకు తీగ ఉంది. ల్యాబుకు తీగ ఉంది. ల్యాప్‌టాప్ ఉన్నవాడు ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. మా హాస్టల్‌లో చాలామందికి ఉన్నది ఒక్క ఫోనే. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలే దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. అంటే మేము ఈ చదువులోకి అడుగు పెట్టింది ఫోనుకు వచ్చిన ఓటీపీ పట్టుకునే. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, హాల్‌టికెట్టు, ఫలితాలు, సార్లు పంపే నోట్సు అన్నీ ఫోన్‌లోనే. ప్రవేశానికి ఫోను కావాలి, ఫీజుకు ఫోను కావాలి, కాని కాలేజీ వై-ఫై దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఫోను ఆట వస్తువు! ఇదెక్కడి న్యాయం?

"మీ ఫోన్లలో డేటా ఉంటుంది కదా, ఇంక వై-ఫై దేనికి?" అని కొందరు అధ్యాపకులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి రెండు సమాధానాలు. ఒకటి, 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రీఛార్జి ధరలు పెంచాయి. ఇంటి నుంచి నెలనెలా లెక్క చూసి పంపే డబ్బులో అది చిన్న కోత కాదు. రెండోది ఇంకా ముఖ్యం. పరిశోధన పత్రికలు చాలావరకు క్యాంపస్ నెట్‌వర్క్ చిరునామా చూసి తలుపు తీస్తాయి, సొంత డేటా మీద పోతే డబ్బు కట్టమంటాయి. కేంద్ర ప్రభుత్వం "ఒకే దేశం ఒకే చందా" పథకం కింద మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 2025 జనవరి నుంచి సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ఇంత పెద్ద పుస్తకాల బండి కాలేజీ గేటు దాకా వచ్చింది. గేటు నుంచి హాస్టల్ గది దాకా దింపుకోవడం మన చేతిలో పని కాదా?

తీగలేని తరంగానికి కాలేజీలతో చుట్టరికం ఈనాటిది కాదు. 1890ల దశకంలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోస్, కంటికి కనబడని తరంగాలతో దూరాన ఉన్న గంట మోగించి చూపించారు. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్ళు సముద్రం మధ్యన వేర్వేరు దీవుల్లో ఉన్నవారిని ఒకే కంప్యూటరుకు రేడియోతో కలిపారు. ఆ ఏర్పాటుకు అలోహా నెట్ అని పేరు. దీవికీ దీవికీ మధ్య దాటిన తరంగం, ఇన్నేళ్ళ తర్వాత మన హాస్టల్ ఒకటో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు దాటడం లేదు!

అసలు ఎందుకు రాదు? నెట్‌వర్క్ సంగతి తెలిసిన సీనియర్లను అడిగి తెలుసుకున్నది చెబుతాను. ఫోను మీద గీతలు గోడ మీది డబ్బాకూ ఫోనుకూ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. డబ్బా వెనక తీగలో నీళ్ళు ఉన్నాయో లేదో అవి చెప్పవు. పైగా ఒక డబ్బా పరిధిలో ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. నూరు మందికి ఒకే బావి, ఒకే చేద అన్నమాట. మామూలు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైలో ఒకదానికొకటి అడ్డం రాని దారులు మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో దారులు ఎక్కువే కాని, అది మందపాటి గోడలను అంత తేలిగ్గా దాటదు. కనుక వరండాకు ఒక డబ్బా పెట్టి అందరికీ ఇచ్చామంటే కుదరదు.

రెండో చిక్కు చిరునామాలది. నెట్టులోకి పోయే ప్రతి ఫోనుకూ ఒక చిరునామా ఇవ్వాలి. మామూలుగా పెట్టే చిన్న నెట్‌వర్కులో 254 చిరునామాలే ఉంటాయి. 300 మంది హాస్టల్‌కు అదే పెడితే, చివరివాళ్ళు ఎంతసేపు నిలబడినా ఫోను "చిరునామా కోసం చూస్తున్నాను" అంటూనే ఉంటుంది. పోనీ ఎవరైనా ఊరికి పోతే వాళ్ళ చిరునామా ఖాళీ అవుతుందా అంటే, వెంటనే కాదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపినట్టు, గడువు తీరేదాకా ఆ చిరునామా వాళ్ళ పేరు మీదనే ఉంటుంది. ఆ గడువు కొన్ని గంటలకు తగ్గించడం, చిరునామాలు పెంచడం ఖర్చులేని పనులు. ఒక మనిషి ఒక పూట కూచుంటే అయిపోతాయి.

మూడోది ఫోను గుర్తింపు సంఖ్య. చాలాచోట్ల ఫారం నింపి ఈ సంఖ్య రాసిస్తేనే వై-ఫై ఇస్తారు. కాని 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుకొని ఫోన్లు తమ అసలు సంఖ్యను దాచి, ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో మారుసంఖ్య చూపడం మొదలుపెట్టాయి. మన జాడ ఎవరూ పట్టకుండా చేసిన ఏర్పాటది, మంచిదే. అయితే ఫారంలో ఒక సంఖ్య, గుమ్మంలో ఇంకో సంఖ్య అయ్యేసరికి మనవాణ్ణే కాపలాదారు ఆపేస్తున్నాడు. సెట్టింగుల్లో ఆ నెట్‌వర్కు పేరు మీద నొక్కి, అసలు సంఖ్యే చూపమని మార్చుకుంటే సరిపోతుంది. ఇంత చిన్న సంగతి నోటీసు బోర్డు మీద నాలుగు వరుసల్లో రాసిపెట్టినవారు లేరు. అట్లాగే లాగిన్ పేజీ రాకపోతే కాసేపు మొబైల్ డేటా ఆపి చూడాలన్న సంగతి మొదటి ఏడాది పిల్లలకు చెప్పేవారూ లేరు. అంతా గురుముఖంగా, అంటే సీనియర్ల ముఖంగా నేర్చుకోవలసిందే.

ఇంతదాకా కాలేజీనే అన్నాను. మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. రాత్రి పదింటికి ఒకరు సినిమా దింపుకోవడం మొదలుపెడితే, ఆ అంతస్తులో ఇంకొకరికి పాఠం ఆగిపోతుంది. గదికొక హాట్‌స్పాట్ పెట్టుకుంటే ఉన్న మూడు దారులూ రద్దీ అవుతాయి. తన పాస్‌వర్డు పదిమందికి పంచేవాడు ఉదారుడు అనిపించుకుంటాడు గాని, ఆ పేరు మీద ఎవరు ఏ తప్పు చేసినా సంజాయిషీ తానే ఇచ్చుకోవాలన్నది మరచిపోతాడు. ఉమ్మడి బావి దగ్గర ఉండే మర్యాద ఇక్కడా ఉండాలి.

"పిల్లలకు వై-ఫై ఇస్తే చెడిపోతారు" అన్నది ఇంకొక వాదన. ఫోనంటే రీళ్ళు చూడడం ఒక్కటే అనుకునేవారికి మా నల్లమల సంగతే గుర్తు చేస్తాను. 2019లో యురేనియం మాట వచ్చినప్పుడు "సేవ్ నల్లమల" అన్న పిలుపు కొండ దిగి రాష్ట్రమంతా పాకింది ఎక్కువగా ఫోన్ల మీదనే. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. చెడిపోతారన్న భయం ఆడపిల్లల హాస్టళ్ళ మీద మరీ ఎక్కువగా పడుతుంది. చీకటి పడకముందే గేటు వేస్తారు, గ్రంథాలయానికి పోనివ్వరు, పైగా రాత్రికి వై-ఫై కూడా ఆపుతారు. కేరళలో ఒక కాలేజీ హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు అప్పగించాలని నిబంధన పెడితే, ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి తీసేశారు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. ఆ తీర్పును మన వార్డెన్లు ఒకసారి చదివితే బాగుంటుంది.

మరి ఏం చేయాలి? విద్యార్థి సంఘం వారికీ, ప్రిన్సిపాల్ గారికీ నావి నాలుగే మనవులు. మొదటిది, ల్యాప్‌టాప్ లేని విద్యార్థి ఉన్నాడన్నది గుర్తు పెట్టుకుని, ఫోను లెక్కనే ఏర్పాట్లు చేయాలి. హాస్టల్‌లో ఎంతమంది ఉన్నారో అన్ని చిరునామాలకు తక్కువ కాకూడదు. రెండోది, ఫోను ఎట్లా కలుపుకోవాలో తెలుగులో ఒక కాగితం అచ్చువేసి చేరిన రోజునే చేతికివ్వాలి. కాలేజీ నెట్‌వర్కు అసలు పేరేమిటో అందులో ఉండాలి, లేకపోతే అదే పేరుతో ఎవరో దొంగ వై-ఫై పెట్టి పాస్‌వర్డులు కాజేసే ప్రమాదముంది. మూడోది, వారానికి రెండు సాయంత్రాలు సీనియర్లే కూచుని ఫోన్లు కలిపిపెట్టే ఒక బల్ల ఏర్పాటు చేయాలి. నేనూ కూచుంటాను. నాలుగోది, ఎడ్యురోమ్ ఏర్పాటులో చేరాలి. యూరప్‌లో ఇరవై ఏళ్ళ కిందట మొదలై నూరు దేశాలు దాటిన ఈ పద్ధతిలో, మన కాలేజీ ఇచ్చిన పేరూ పాస్‌వర్డుతోనే అందులో చేరిన ఏ యూనివర్సిటీకి పోయినా ఫోను తానే కలుస్తుంది. మన దేశంలో దాన్ని ఎర్నెట్ ఇండియా నడుపుతున్నది. సెమినారుకు పోయిన పిల్లవాడు అక్కడ ఎవరినీ బతిమాలుకునే పని ఉండదు.

పూర్వ విద్యార్థులకూ ఒక మాట. ఏటా సమావేశానికి వచ్చి తోరణం కింద ఫొటో దిగి వెళ్ళే పెద్దలు, ఈసారి హాస్టల్ రెండో అంతస్తు దాకా ఎక్కి, ఒకసారి మీ ఫోను కలిపి చూడండి. కలవకపోతే మాకు డబ్బా కొనివ్వనక్కర్లేదు. కిందికి దిగి ఆఫీసులో ఒక మాట అడగండి. మేము అడిగితే కాని పని మీరు అడిగితే అవుతుందన్నది ఇక్కడ అందరికీ తెలిసిందే.

సెలవులకు అమ్రాబాద్ పోతే గుట్ట మీద ఆ బండ ఇంకా అట్లాగే ఉంది. ఇప్పుడు వేరే పిల్లలు ఎక్కుతున్నారు. వాళ్ళలో ఒకరిద్దరైనా రేపు ఈ కాలేజీకి వస్తారు. వచ్చే ఏటి సంచికకు నా వ్యాసాన్ని చాయ్ దుకాణం అన్నకు బాకీ పడకుండా, నా గదిలోంచే, కాలేజీ వై-ఫై మీదనే పంపాలని నా కోరిక.