కొండ పాదాన గడియారంతో పందెమా?



చంద్రగిరి కోట పరిసరాల్లో, శేషాచలం అడవుల పాదాన పరుగు తీయడం మంచిదే. కాని ఏడాది పొడవునా కుర్చీ వదలనివారు ఒక్క ఆదివారం వచ్చి, చేతి గడియారం చూసుకుంటూ ఆ ఎగుడుదిగుడు దారుల్లో దూసుకుపోవడాన్ని ఆరోగ్యమని పిలవడం నాకు సమ్మతం కాదు. అలవాటులేని దేహానికి అకస్మాత్తుగా కలిగే తీవ్రశ్రమ ఆ సమయంలో గుండెపోటు ముప్పును పెంచుతుంది. క్రమం తప్పని వ్యాయామమే ఆ ముప్పును తగ్గిస్తుంది.

‘మధ్యలో ఆగితే సమయం వృథా కదా’ అంటారు. విజయనగర రాజులకు రాజధానిగా నిలిచిన ఆ కోటలో, రాజమహల్ ఎదుట అయిదు నిమిషాలు నిలబడితే ఏమి వృథా? ఊపిరి కుదుటపడుతుంది, చరిత్ర కంటబడుతుంది. దగ్గరలోని శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. వాటినీ పందెపు బాటగా చూడకండి. దిగేటప్పుడు మోకాళ్ళపై భారం మరీ అధికం.

ముందుగా ఊళ్ళోనే వారానికి 150 నిమిషాల చురుకైన నడక అలవరచుకోండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సంప్రదించండి. పరుగులో పక్కవారితో మాట్లాడలేకపోతే నడకకు దిగండి. ఛాతీలో బరువు, చల్లచెమట కలిగితే వెంటనే ఆగి, 108కు ఫోన్ చేయండి.

కోట శతాబ్దాలుగా అక్కడే ఉంది. మీరు సిద్ధపడేవరకూ అది ఎక్కడికీ పోదు.