నీరు తీసే మాత్ర... ఎండాకాలం లెక్క వేరు

ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్లే రోజున గిద్దలూరు, కంభం వైపు పెద్దవాళ్లు కొందరు ఒక మాత్ర మానేస్తారు. బీపీ మాత్ర వేసుకుంటారు, షుగరు మాత్ర వేసుకుంటారు. నీరు తీసే మాత్ర మాత్రం డబ్బాలోనే ఉండిపోతుంది. కారణం అడగక్కర్లేదు. గంటల తరబడి బస్సు ప్రయాణం. మధ్యలో ఆపమని అడగలేరు, ఆపినా ఆడవాళ్లు దిగి వెళ్లే చోటుండదు. కొందరైతే మాత్రతో పాటు నీళ్లు తాగడమూ మానేస్తారు. తీరా డాక్టరు ముందు కూర్చునేసరికి కాళ్ల వాపు కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. ‘మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా’ అంటే, ‘రోజూ వేసుకుంటున్నాను సార్’ అనే జవాబొస్తుంది. మోతాదు చాలడం లేదనుకుని ఆయన పెంచుతారు. ఇంటికొచ్చాక పెంచిన మోతాదు ఒక్కరోజు కూడా తప్పకుండా పడుతుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ప్రయాణం ఉందని మాత్ర మానేయక్కర్లేదు, చాలాసార్లు వేళ మార్చుకుంటే సరిపోతుంది. ఎక్కువమందికి రాసే ఫ్యూరోసెమైడ్, జనం నోట్లో లాసిక్స్, వేసుకున్న గంటలోపు పని మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ముగించేస్తుంది. ఆరు గంటలు నిలుస్తుందన్న అర్థం వచ్చేలా ఇంగ్లిషులో ఆ పేరు కట్టారని చెబుతారు. ప్రయాణం రోజున ఊరు చేరాకో, తిరిగొచ్చాకో మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టరును ముందే అడిగి పెట్టుకుంటే మంచిది. ఆ రోజు మానేసి వెళ్తే ఆ సంగతి దాచకుండా చెప్పడం ఇంకా మంచిది. సాయంత్రం నాలుగు దాటాక వేసుకుంటే మాత్రం రాత్రంతా జాగారమే. నిద్ర చెడడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. చీకట్లో హడావుడిగా మంచం దిగి తూలి పడితే పోయేది తుంటి ఎముక.

అసలు తాము నీరు తీసే మాత్ర వేసుకుంటున్నట్టే తెలియని వాళ్లూ ఉన్నారు. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉంటే, అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉందని సాధారణంగా అర్థం. క్లోర్‌థాలిడోన్ కలిపినవీ ఉన్నాయి. దాని ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉంటుంది కాబట్టి ప్రయాణం కోసం వేళ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. గుండె జబ్బు, లివరు జబ్బు ఉన్నవాళ్లకు రాసే స్పైరోనోలాక్టోన్ మరో రకం. ఇవన్నీ ఒక గూటివే గానీ ఒకటి కాదు. పక్కింటావిడ కాళ్లవాపు ఏదో మాత్రతో తగ్గిందని అదే తెచ్చుకుంటే కుదరదు.

మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో నూటికి 99 వంతులు తిరిగి రక్తంలోకే పోతుంది. ఒంట్లో ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. ఈ మాత్రలు ఉప్పు వెనక్కి చేరకుండా అడ్డుపడతాయి, దాని వెంట నీరూ మూత్రంలో బయటికి వస్తుంది. పేరుకు నీటి మాత్రే గానీ చేసేది ఉప్పు పని. పొద్దున లాసిక్స్ వేసుకుని మధ్యాహ్నం ఊరమిరపకాయలు, అప్పడం, గోంగూర పచ్చడితో అన్నం తింటే మాత్రకూ కంచానికీ పోటీ పెట్టినట్టే. ఒక తరం ముందు వాళ్ల అవస్థ ఇంతకంటే ఘోరం. 1919లో వియన్నాలో సుఖవ్యాధికి పాదరసం కలిసిన ఇంజెక్షన్ ఇస్తుంటే మూత్రం ధారాళంగా రావడాన్ని ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే వైద్య విద్యార్థి గమనించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నీరు తీయడానికి పాదరసమే దిక్కయింది. 1950ల చివర్లో గానీ థయాజైడ్ మాత్రలు రాలేదు.

మాత్ర మంచిదే. మోతాదు మాత్రం మనిషిని బట్టే కాదు, రుతువును బట్టి కూడా మారాలి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. నల్లమల అంచున ఉన్నా చల్లదనం మాత్రం అంతంతే. పలకల గనిలో రాయి కొట్టేవాళ్లకూ, పొలం పనికి వెళ్లేవాళ్లకూ చెమట రూపంలోనే గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. సంక్రాంతి చలిలో రాయించుకున్న చీటీనే మే నెల దాకా మందుల షాపులో చూపించి అవే మాత్రలు తెచ్చుకుంటే ఒకవైపు చెమట, మరోవైపు మాత్ర, రెండూ కలిసి ఒంటిని పిండేస్తాయి. లేవగానే కళ్లు తిరగడం, నోరు పిడచకట్టడం, పిక్కలు పట్టేయడం, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో రావడం, ఇవన్నీ ఒంట్లో నీరు మరీ తగ్గిందని చెప్పే గుర్తులు. వీటిని వడదెబ్బ అనుకుని ఊరుకుంటారు తప్ప, మాత్ర వైపు ఎవరి చూపూ పోదు.

ఎండాకాలం రాగానే ఉప్పు వేసిన మజ్జిగ తాగండి, ఓఆర్ఎస్ తాగండి అని ఊరూరా చెబుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది సరైన సలహా. గుండె బలహీనపడి నీరు చేరిన మనిషికి డాక్టరు అంతకుముందే ఉప్పు తగ్గించు, నీళ్లు కొలిచి తాగు అని చెప్పి ఉంటారు. ఇప్పుడు ఆ పెద్దాయన ఎవరి మాట వినాలి? ఇలాంటి చోట ఊహ పనికిరాదు, కాటా కావాలి. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి క్యాలెండరు మీద రాసుకోవాలి. ఒక్కరోజులో కిలోకు పైగా గానీ, వారంలో రెండు కిలోలకు పైగా గానీ పెరిగితే నీరు చేరుతోందని అనుమానించాలి. అలాగే చకచకా తగ్గిపోతూ కళ్లు తిరుగుతుంటే నీరు ఎక్కువ పోతోందని అర్థం. ఎలా ఉన్నా డాక్టరుకు ఫోను చేసి ఆ అంకెలు చదివి వినిపించాలి. ‘నీరసంగా ఉంది సార్’ అన్న మాట కంటే నాలుగు రోజుల అంకెలు ఆయనకు ఎక్కువ పనికొస్తాయి. ఇంట్లో కాటా కొనడం దండగ అనిపించవచ్చు గానీ, ఒంగోలుకు ఒక్కసారి పోయివచ్చే ఖర్చుతో పోలిస్తే అది దండగ కాదు.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, జ్వరంతో తిండీ నీళ్లూ సయించకపోతే ఆ రోజే డాక్టరును అడగాలి. తేరుకునేదాకా ఒకటి రెండు రోజులు ఈ మాత్ర ఆపమని చాలాసార్లు చెబుతారు. కొన్ని బీపీ మాత్రలకూ, ఇప్పుడు షుగరుకూ గుండెకూ విరివిగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్‌కూ ఇదే వర్తించవచ్చు. గుండె జబ్బు వాళ్లు సొంతంగా ఆపకూడదు. ఆపినవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడిగి తెలుసుకోవాలి. ఆపి మరిచిపోయి, ఆయాసంతో రాత్రిపూట ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లు తక్కువేం కాదు. బాగున్న రోజునే ‘జబ్బు చేస్తే ఏది ఆపాలి’ అని అడిగి చీటీ వెనక రాయించుకుంటే ఆ రాత్రి తప్పుతుంది.

పశ్చిమ ప్రకాశంలో దీనికి తోడు ఇంకో ముప్పుంది. అది నొప్పి మాత్ర. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవీ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరూ ఒక్కచోట చేరాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో నడుము వంగదు, మోకాలు ముడవదు. నొప్పికి డాక్టరు దాకా ఎవరు వెళ్తారు? ఆర్ఎంపీ ఇచ్చిన సూది, షాపువాడు పొట్లం కట్టి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అంతే.

ఆ నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. నీరు తీసే మాత్ర రక్తంలో ద్రవాన్ని తగ్గిస్తుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కిడ్నీ జల్లెడలోని ఒత్తిడిని తగ్గిస్తాయి. విడివిడిగా తట్టుకోగల కిడ్నీ మూడూ కలిసి మీద పడితే, పైన ఎండ కూడా తోడైతే, కొద్ది రోజుల్లోనే చేతులెత్తేయవచ్చు. కిడ్నీ బలహీనపడితే ఫ్లోరైడ్‌ను బయటికి పంపే శక్తీ తగ్గుతుంది. కిడ్నీ జబ్బులకు ఫ్లోరైడ్ ఒక్కటే కారణమని తేల్చి చెప్పడం కుదరదు గానీ, దానివల్ల వచ్చే నొప్పి మనిషిని ఎటు నడిపిస్తుందో మాత్రం స్పష్టమే. నొప్పికి పారాసెటమాల్ చాలావరకు నయం. లివరు జబ్బు ఉన్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు దాని మోతాదూ అడగాలి. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు షాపుల్లో బోలెడు. అది ఒట్టి పారాసెటమాలే అనుకుని వేసుకోకూడదు. ‘నేను నీరు తీసే మాత్ర వేసుకుంటున్నాను, ఇది కలుస్తుందా’ అన్న ఒక్క ప్రశ్న షాపు కౌంటరు దగ్గర అడగడానికి సిగ్గుపడాల్సింది ఏముంది?

పొటాషియం సంగతి కాస్త తికమకగా ఉంటుంది. లాసిక్స్, థయాజైడ్లు పొటాషియాన్ని పోగొడతాయి. స్పైరోనోలాక్టోన్ పట్టి ఉంచుతుంది. మొదటి రకంలో కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు. డిగాక్సిన్ కూడా వాడేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. రెండో రకంలో పొటాషియం పెరిగిపోయి, పైకి ఏ గుర్తూ లేకుండానే గుండె ఆగే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఒకరికి మేలు చేసే కొబ్బరి నీళ్లు, స్పైరోనోలాక్టోన్ వాడుతూ కిడ్నీ బలహీనంగా ఉన్న మరొకరికి కీడు చేయవచ్చు. ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పులో సోడియం బదులు కలిపేది చాలావరకు పొటాషియమే. బీపీకి మంచిదని దాన్ని తెచ్చే కోడలికి అత్తగారి మందుల చీటీ కూడా తెలిసి ఉండాలి. మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు, మోతాదు మార్చినప్పుడల్లా క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించడం అందుకే.

సోడియం పడిపోవడం ముసలివాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. థయాజైడ్ మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఇది రావచ్చు. నిన్నటిదాకా బియ్యం ఏరిన అవ్వ ఇవాళ మనుమరాలి పేరు తడబడుతుంది, పొద్దో మాపో తెలియదంటుంది, మగతగా పడుకుంటుంది. వయసు మీద పడిందంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లూ లేకపోలేదు. ఉన్నట్టుండి వచ్చిన తడబాటైతే తాయెత్తుకు ముందు రక్తపరీక్ష జరగాలి. వెంట వెళ్లేవాళ్లు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, సగం వాడినవి కూడా, సంచిలో వేసుకెళ్లాలి. ఆ సంచిలో ఆమ్లోడిపిన్ కనిపిస్తే దాన్ని డాక్టరుకు ప్రత్యేకంగా చూపించాలి. ఆ బీపీ మాత్ర వల్ల కూడా కొందరికి చీలమండలు వాస్తాయి. ఆ వాపు నీరు తీసే మాత్రతో అంత తేలిగ్గా తగ్గదు, ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గిస్తేనో మార్చితేనో తగ్గుతుంది. అలాంటప్పుడు నీరు తీసే మాత్ర ఆ ఇంటికి అసలు అవసరమే లేకపోవచ్చు.