బోర్డు మారితే గని దొరుకుతుందా?

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ప్రాంతాలలో తొలకరి వానలు కురిసినంతనే పొలాలలో వజ్రాలు వెదికేవారు బారులు తీరుతారు. కూలిపని మానుకొని, సద్దిమూట కట్టుకొని, కుటుంబాలతో సహా దూరప్రాంతాల నుండి వచ్చేవారూ ఉంటారు. ఎవరో ఒకరికి రాయి దొరుకుతుంది. ఆ సంగతి పత్రికలలో వస్తుంది. దొరకనివారి సంగతి ఎక్కడా రాదు. చిన్న ఖనిజాన్వేషణ కంపెనీల వ్యాపారం కూడా దాదాపు ఇటువంటిదే. పొలంలో వెదికే మనిషి పోగొట్టుకునేది తన రోజు కూలి. కంపెనీ డైరెక్టర్లు ఖర్చుపెట్టేది మాత్రం ఇతరుల సొమ్ము.

నేడు మన ఇళ్లలోని యువకులు ఎందరో సెల్‌ఫోన్‌లోనే డీమ్యాట్ ఖాతా తెరిచి షేర్లు కొంటున్నారు. ధర తక్కువగా ఉన్న షేరు, పైగా బంగారమో లిథియమో దొరకబోతున్నదన్న వార్త! ఈ రెండూ కలిస్తే ఆశ త్వరగా పుడుతుంది. గల్ఫ్ నుండి తండ్రి పంపిన డబ్బు, తల్లి చీటీ పాడి దాచిన డబ్బు కూడా ఒక్కోసారి ఆ ఆశకు తోడవుతుంది. కనుక ఈ కంపెనీలు ఏ విధంగా నడుస్తాయో, అవి దారి తప్పినప్పుడు వాటాదారులు ఏమి చేయగలరో తెలుసుకొనడం కుటుంబ పెద్దలకు అవసరం.

అన్వేషణ దశలో ఉన్న కంపెనీకి సాధారణంగా అమ్ముకొనడానికి సరుకు ఉండదు. నేలను తొలిచి, రాతి నమూనాలను ప్రయోగశాలకు పంపి, ఫలితాలను ప్రకటించడమే దాని పని. చేతిలోని నగదు అయిపోగానే కొత్త షేర్లు జారీచేసి మళ్లీ డబ్బు సేకరిస్తుంది. అలా జారీ చేసిన ప్రతిసారీ, కొత్తవి కొనని పాత వాటాదారు భాగం పలచబడుతుంది. రొట్టె పెరగకుండానే ముక్కల సంఖ్య పెరిగినట్లు. ఇటువంటి అన్వేషణలలో అత్యధికం ఎన్నడూ గనులుగా మారవు. అయినా డైరెక్టర్ల జీతాలు, కార్యాలయం అద్దెలు, ప్రయాణాల ఖర్చులు ఆగవు.

ఆశ ఎంత దూరం తీసుకొనిపోగలదో ఆస్ట్రేలియాలోని పొసైడన్ అనే చిన్న కంపెనీ చరిత్ర చెబుతుంది. 1969లో విండారా వద్ద దానికి నికెల్ నిక్షేపం కనిపించింది. ఆ సెప్టెంబరులో ఒక డాలరు కూడా పలకని షేరు 1970 ఫిబ్రవరి నాటికి 280 డాలర్లకు చేరి, ఆపై కుప్పకూలింది. నికెల్ ఉన్న మాట నిజమే. కాని ఆ ధరను సమర్థించగలిగినంత నికెల్ అక్కడ లేదు.

ఫలితాలు లేకుండా సంవత్సరాలు గడిచినప్పుడు వాటాదారులలో అసంతృప్తి పుట్టడం సహజం. వారిలో కొందరు చేతులు కలిపి, డైరెక్టర్లను తొలగించి తమకు నమ్మకమున్నవారిని నియమించాలని కోరతారు. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం 5 శాతం ఓట్లు ఉన్న వాటాదారులు సర్వసభ్య సమావేశం జరపాలని కోరితే, డైరెక్టర్లు దానిని 2 నెలలలోపు జరపవలసిందే. ఈ హక్కు లేకపోతే చిన్న కంపెనీల డైరెక్టర్లను ప్రశ్నించేవారే ఉండరు.

అయితే తొలగించాలని కోరేవారందరూ మిగిలిన వాటాదారుల మేలు కోరేవారేనా? ఈ ప్రశ్న ఎంత కీలకమో అదే దేశంలోని నార్తర్న్ మినరల్స్ ఉదంతం చూపుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రౌన్స్ రేంజ్ ప్రాంతంలో డిస్ప్రోసియం, టెర్బియం అనే అరుదైన లోహాల నిక్షేపాన్ని అభివృద్ధి చేయడానికి ఈ కంపెనీ ప్రయత్నిస్తున్నది. విద్యుత్ వాహనాల మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాలకు ఈ లోహాలు కావాలి. ఆయుధాల తయారీకీ కావాలి. వీటి శుద్ధిలో చైనాదే ఆధిపత్యం. కనుక ఈ కంపెనీ చిన్నదైనా, దానిపై చాలామంది కన్ను పడింది.

సింగపూర్‌లో నమోదైన యుషియావో ఫండ్ ఇందులో తన వాటాను 9.92 శాతం నుండి 19.9 శాతానికి పెంచుకొనదలచగా, 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ఆర్థిక మంత్రి జిమ్ చామర్స్ దానిని నిషేధించారు. 2024 జూన్ ఆరంభంలో ఆయన మరొక ఆదేశం ఇచ్చారు. ఈ ఫండ్, మరి నలుగురు విదేశీ వాటాదారులు కలిసి సుమారు 10.4 శాతానికి సమానమైన షేర్లను 60 రోజులలో వదులుకోవాలని దాని సారాంశం. సరిగ్గా ఆ రోజులలోనే, ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ నికొలస్ కర్టిస్‌ను తొలగించాలని మరొక వాటాదారు సంస్థ కోరిన తీర్మానం వార్షిక సమావేశానికి రావలసి ఉంది. ఓటింగ్ జరగకముందే కర్టిస్ పదవి నుండి వైదొలిగారు. ఛైర్మన్ బాధ్యతను ఆడమ్ హ్యాండ్లీ స్వీకరించారు. షేర్లు వదులుకోవాలన్న ఆదేశాన్ని పాటించలేదన్న ఆరోపణతో ఒక మాజీ వాటాదారు సంస్థపై 2025లో ప్రభుత్వం ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది.

ఇందులో ఎవరు దోషులో తేల్చడం మన పని కాదు. ఆ కంపెనీలో కొద్దిపాటి షేర్లున్న ఒక సాధారణ గృహస్థుని స్థితిని ఊహించండి. ఛైర్మన్ పనితీరు అతనికి నచ్చకపోయి ఉండవచ్చు. ఆయనను తొలగించాలనడానికి అతనికి న్యాయమైన కారణాలూ ఉండవచ్చు. కాని తొలగించాలని కోరినవారి వెనుక ఎవరున్నారో, వారి ప్రయోజనం తన ప్రయోజనమూ ఒక్కటేనో కాదో తెలియకుండా ఓటు వేస్తే, అతని అసంతృప్తి మరొకరి చేతిలో పనిముట్టు అవుతుంది. అలాగని, ఎదుటివారిపై అనుమానంతో కళ్లు మూసుకొని పాత బోర్డుకే ఓటు వేస్తే, డబ్బు ఎటు పోయిందన్న ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోతుంది. పాతవారిని లెక్క అడగాలి. కొత్తవారిని ఉద్దేశం అడగాలి. ఈ రెండు ప్రశ్నలలో ఏ ఒక్కటి వదిలినా ఓటు సగం గుడ్డిదే.

మన దేశంలోనూ ఈ హక్కులు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 100వ సెక్షన్ ప్రకారం, ఓటుహక్కు గల చెల్లింపు మూలధనంలో పదోవంతు కలిగిన వాటాదారులు అసాధారణ సర్వసభ్య సమావేశం కోరవచ్చు. బోర్డు 21 రోజులలోపు దానిని పిలవాలి. కోరిన నాటి నుండి 45 రోజులలోపు అది జరగాలి. బోర్డు పిలవకపోతే కోరినవారే 3 నెలలలోపు జరుపుకోవచ్చు. 169వ సెక్షన్ కింద సాధారణ మెజారిటీతో డైరెక్టరును తొలగించవచ్చు. అయితే తన వాదన వినిపించుకొనే అవకాశం ఆయనకు ఇవ్వాలి. ఆరోపణకు గురైనవాని మాట వినకుండా తీర్పు ఇవ్వరాదన్న న్యాయసూత్రాన్ని చట్టం ఇక్కడ కూడా నిలబెట్టింది. షేర్ల ముఖవిలువ 20,000 రూపాయలకు మించనివారిని చట్టం చిన్న వాటాదారులుగా గుర్తిస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలో వారు ఎన్నుకొన్న ఒక డైరెక్టరు ఉండేందుకు 151వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది.

ఇంతటి హక్కు చేతిలో ఉండి కూడా మనం చేసేదేమిటి? సమావేశ నోటీసు ఈమెయిల్‌లో వస్తుంది, తెరవము. ఈ-ఓటింగ్ గడువు వస్తుంది, పోతుంది. షేరు పడిపోయిన తరువాత యాజమాన్యాన్ని నిందిస్తాము. డైరెక్టర్ల చేతిలో ఉన్నది మనం అప్పగించిన అమానత్. దానిని కాపాడవలసిన బాధ్యత వారిదే. కాని అప్పగించినవారు కనీసం లెక్క అడగకపోతే, ఇంటివారికి తాము ఏమని జవాబు చెప్పగలరు?

కనుక కుటుంబంలో ఎవరి పేరనైనా ఇటువంటి షేర్లు ఉంటే, ఈసారి వార్షిక నివేదిక వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం కూర్చొని మూడు అంకెలు వెదకండి. గడచిన ఏడాది నేలలో డ్రిల్లింగ్‌కు ఎంత ఖర్చయింది, డైరెక్టర్లకు, కార్యాలయానికి ఎంత పోయింది, షేర్ల సంఖ్య ఎంత పెరిగింది. మొదటి అంకె కంటే రెండవది ఏటేటా పెద్దదవుతుంటే బోర్డును ప్రశ్నించవలసిన సమయం వచ్చినట్లే. ఎవరైనా కొత్త బోర్డును ప్రతిపాదిస్తే, వారి షేర్లు ఎన్ని, ఎప్పుడు కొన్నారు, గెలిస్తే మొదటి ఆరు నెలలలో ఏమి చేస్తారని వ్రాతపూర్వకంగా అడగండి. జవాబు రాని పక్షానికి ప్రాక్సీపై సంతకం చేయకండి.

ఇక షేర్లు ఇంకా కొననివారికి ఒక మాట. అమ్మాయి పెళ్లికి, అబ్బాయి చదువుకు, ఇంటి పెద్దల వైద్యానికి ఉంచిన సొమ్ము ఖనిజాన్వేషణకు తగినది కాదు. మంచి బోర్డు ఉన్నా, నిజాయితీ ఉన్నా, నేలలో లోహం లేకపోతే ఏ ఓటూ దానిని పుట్టించలేదు.