నవ్వునకు అంతస్తులు

భరతముని నాట్యశాస్త్రమున నవ్వును ఆరు విధములుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తమ ప్రకృతులకు. విహసితము, ఉపహసితము మధ్యములకు. అపహసితము, అతిహసితము అధములకు చెప్పెను. పెదవి కదలీ కదలని చిరునవ్వు మొదలు, ప్రక్కలు పట్టుకొని కన్నీరు కారునట్లు నవ్వు నవ్వు వరకు గల ఈ సోపానక్రమము నటునికి చెప్పిన పాఠము. ఏ పాత్ర ఎట్లు నవ్వవలెనో తెలుపుటయే దాని ప్రయోజనము. ప్రేక్షకులలో ఎవడెంతవాడో కొలుచుటకు ఆయన దానిని చేయలేదు. కాని ఈనాడు టెలివిజన్‌లోని కుటుంబ హాస్య ధారావాహికలను గూర్చి జరుగు చర్చను వినినచో, ఆ కొలబద్ద రంగస్థలము దిగి ప్రేక్షకుల నడుమకు వచ్చినట్లు తోచును. ఎవరు ఏమి చూచి నవ్వుదురో దానినిబట్టి వారి అంతస్తును నిర్ణయించుట విద్యావంతులలో ఒక అలవాటైనది. ఆ ధారావాహికలపై వచ్చు విమర్శ న్యాయమైనదా, లేక కేవలము పెద్దరికపు బడాయియా అను ప్రశ్న ఇందువలననే పుట్టినది.

ఇంటిల్లిపాది కలిసి చూచుటకై ఒక కుటుంబమును, దాని ఇరుగుపొరుగును ఆధారముగా గొని, ఒక చిన్న చిక్కును కల్పించి, తరచుగా ఆ పూటకే దానిని విప్పివేయు ధారావాహికను సిట్‌కామ్ అని పిలుచుచున్నారు. ఇది మూసలో పోసినదనియు, బుద్ధికి పని చెప్పనిదనియు ఆక్షేపించుట క్రొత్త కాదు. అమెరికాలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అధ్యక్షుడు న్యూటన్ మినో 1961 మే 9న ప్రసారకుల సభలో మాటలాడుచు టెలివిజన్‌ను విశాలమైన బీడుభూమితో పోల్చెను. ఎక్కడను కానరాని కుటుంబములను గూర్చిన మూస హాస్యములు ఆయన చదివిన నేరముల పట్టికలో ముందు వరుసనే ఉన్నవి. హాస్యము వ్రాయువారును ఊరకుండలేదు. 1964లో వచ్చిన ‘గిలిగన్స్ ఐలండ్’ అను ధారావాహికలో తుపానునకు దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన పడవకు దాని సృష్టికర్త షెర్వుడ్ ష్వార్ట్జ్ మినో పేరే తగిలించి బదులు తీర్చుకొనెను.

అయితే బీడుభూమి అను మాట నిలిచినంతగా ఆ ప్రసంగములోని తక్కిన భాగము లోకమున నిలువలేదు. తీర్పు చెప్పుటకు ముందు ఉదయము ప్రసారము మొదలైనది మొదలు రాత్రి ముగియు వరకు ఒక దినమెల్ల కదలక కూర్చుండి చూడుడని మినో ప్రసారకులనే కోరెను. ప్రజల అభిరుచి వారు తలచునంత తక్కువది కాదనియు స్పష్టముగా చెప్పెను. అనగా ఆయన నిందించినది వండినవారిని గాని తిన్నవారిని కాదు. ఆయన మాటను అరువు తెచ్చుకొన్నవారు మాత్రము నిందను మెల్లగా ప్రేక్షకుల వైపునకు త్రిప్పిరి.

మన దేశమునను ఇదే వ్యాజ్యము నడచుచున్నది. 2008 జూలై 28న సబ్ టీవీలో ఆరంభమైన హిందీ ధారావాహిక ‘తారక్ మెహతా కా ఉల్టా చష్మా’ 4,000 భాగములు దాటినది. గుజరాతీ హాస్య రచయిత తారక్ మెహతా 1971 నుండి ‘చిత్రలేఖ’ వారపత్రికలో వ్రాసిన శీర్షిక దీనికి మూలము. ముంబయిలోని ఒక నివాస సముదాయము, అందులో వేర్వేరు భాషల కుటుంబములు, వారి నడుమ జేఠాలాల్ అను దుకాణదారుని నిత్య సంకటములు, ఇంతియే కథ. రాత్రి భోజనము వేళ దీనిని పెట్టుకొను ఇండ్లు ఎన్నియో కలవు. దీని పేరు వినగానే పెదవి విరచువారును తక్కువగా లేరు.

ఆ పెదవి విరుపులో రెండు వేరు మాటలు కలిసిపోయి ఉన్నవి. ‘ఇది బాగుగా లేదు’ అనుట ఒకటి. ‘దీనిని చూచువారు ఇంతే’ అనుట రెండవది. మొదటిది విమర్శ. రెండవది కులీనతా ప్రదర్శనము. ఈ రెంటిని వేరుచేయుట కష్టము కాదు. పాత్రలు మూసవి, సన్నివేశములు మరల మరల వచ్చునవి అను ఆక్షేపణనే చూడుడు. సంస్కృత నాటకములలోని విదూషకుడు ఎన్ని నాటకములలో కనిపించినను తిండిపోతే. కందుకూరి వీరేశలింగము ప్రహసనములలోని వైదికుడును, ప్లీడరును వ్యక్తులకంటె నమూనాలే. మునిమాణిక్యము నరసింహారావు కాంతము కథలలో ఆలుమగల కీచులాట తప్ప వేరొక వస్తువు అరుదు. వానిని ఎవ్వరును నీచహాస్యమనలేదు. తరగతి గదులలో పాఠములుగా కూడ చెప్పుచున్నారు. మూస దోషమైనచో గ్రంథమునందును దోషమే కావలెను. గ్రంథమందు గుణమై టెలివిజన్‌లో దోషమైనచో, తీర్పు రచనపై కాక దానిని అందుకొను జనముపై వచ్చినదని గ్రహింపవలెను.

దీనికి మరొక నిదర్శనము 2004లో స్టార్ వన్‌లో వచ్చిన ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’. దక్షిణ ముంబయి సంపన్న గృహిణి మాయా సారాభాయ్‌కి సామాన్య కుటుంబమునుండి వచ్చిన కోడలు మోనీషా చేయు ప్రతి పనియు మిడిల్ క్లాస్‌గా కనిపించును. మొదటి ప్రసారకాలమున దీనిని చూచినవారు తక్కువ, 2006లో ఆగిపోయినది. తరువాత అంతర్జాలము ద్వారా ఆదరణ పొంది 2017లో మరల వచ్చినది. సిట్‌కామ్‌లను ఈసడించువారే దీనిని మాత్రము మినహాయించి మెచ్చుకొనుచుందురు. అయినను ఇందులోను అదే సోఫా, అదే అయిదుగురు, అదే అత్తాకోడళ్ల తగవు. మారినది ప్రక్రియ కాదు, సంభాషణలోని పదును. కనుక ప్రక్రియ హీనమను వాదము ఇక్కడనే వీగిపోవుచున్నది. పైగా ఆ కథలో నవ్వులపాలగునది కోడలి చవక వస్తువుల కంటె అత్తగారి అతిశయమే యని మెచ్చుకొన్నవారిలో ఎందరు గుర్తించిరో!

ఇంతమాత్రమున విమర్శలన్నియు బడాయియే అనరాదు. న్యాయమైన విమర్శ కలదు. అది లోపలినుండి వచ్చును. గోకుల్‌ధామ్ కథలనే తీసికొందము. పత్రికా విలేఖరి పోపట్‌లాల్‌కు పెండ్లి కాకపోవుట ఏండ్ల తరబడి ఒకే హాస్యము. డాక్టర్ హాథీ స్థూలకాయము, ఆయన ఆకలి ఇంకొకటి. భార్య ఇంటనుండగా జేఠాలాల్ పొరుగింటి బబితను చూచి మైమరచుట ముద్దు ముచ్చటగా చూపబడును. ఇంటిలో పిల్లలతో కూడ చూచు కథలో ఒకని శరీరము, ఒకని ఒంటరితనము నవ్వులాటగా పెట్టినప్పుడు, అటువంటి శరీరముతో, అటువంటి ఒంటరితనముతో అదే గదిలో కూర్చున్న మనుష్యుడొకడు ఉండవచ్చును. అతని పక్షమున మాటలాడుట బడాయి కాదు. ఒక వారపు శీర్షికలో చక్కగా అమరిన హాస్యము వారమునకు అయిదారు పూటలు పంచవలసి వచ్చినప్పుడు పలుచనగుటయు సహజమే.

ఈ సందర్భమున తెలుగువారు గర్వముగా తలచుకొనదగినది గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’. 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో వారమునకొక పర్యాయము వచ్చినది. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు అమృత విలాస్ అను హోటలు నడుపుకొనుచు పన్నిన ప్రతి పన్నాగము తుదకు వారి నెత్తికే వచ్చును. నవ్వు ఎదుటివాని లోపముపై కాక నవ్వించువాని తెలివితక్కువపైననే పడును. కాంతము కథలలోను ఓడిపోవునది కథ చెప్పు మగడే. హాస్యమునకు మర్యాద ఇచ్చునది ఈ దిశయే.

నవ్వు ఏ దిశకు పోవునో రచయిత ఒక్కడే నిర్ణయింపలేడు. 1971లో నార్మన్ లియర్ అమెరికాలో ప్రారంభించిన ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’లో ఆర్చీ బంకర్ అను గృహస్థు జాతి ద్వేషమును నోరార వెళ్లగ్రక్కును. ఆ ద్వేషమును అపహాస్యము చేయుటయే రచయితల ఉద్దేశము. విద్మార్, రోకీచ్ అను పండితులు 1974లో ప్రకటించిన పరిశీలనలో, ద్వేషభావము మెండుగా గల ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకొనుచున్నట్లు తేలినది. ఇది నిజమైన విమర్శకు ఉదాహరణము. వారు ప్రేక్షకులను తక్కువ చేయలేదు. వారిని అడిగి తెలిసికొనిరి.

‘జనము చూచుచున్నారు గదా, మీకేమి బాధ?’ అని నిర్మాతలు వేయు ప్రశ్న పైకి ప్రజాపక్షముగా కనిపించును. కాని జనమునకు ఇంతకంటె మంచిది అక్కరలేదను తలంపు దాని అడుగున దాగి ఉన్నది. పెదవి విరచు పండితుడును, ఈ నిర్మాతయు ఒకే అభిప్రాయము కలవారు. ఒకడు దానిని అసహ్యముతో పలుకును, మరియొకడు లాభముతో పలుకును. పగలెల్ల పనిచేసి వచ్చి అరగంట నవ్వుకొనగోరు గృహిణికి వీరిద్దరివలనను మేలు లేదు. సాధారణమైన సినిమాకు సైతము పత్రికలలో సమీక్ష వచ్చుచుండగా, ఏండ్ల తరబడి ఇంటింట కనిపించు ధారావాహికను ఒక భాగము తరువాత ఒక భాగము చూచి, ఇది బాగు, ఇది ఓగు అని వ్రాయు విమర్శకుడు అరుదు. వ్రాయదగనిదని ముందే తీర్మానించుకొనుటచేత చెడ్డది నిందను, మంచిది మెప్పును తప్పించుకొని పోవుచున్నవి.

భరతుడు ప్రహసనమును దశరూపకములలో ఒకటిగా చేర్చి, దానికి శుద్ధము, సంకీర్ణము అని భేదములు చెప్పి లక్షణము వ్రాసెను. లక్షణము వ్రాయుట యనగా దానిని బాగుగాను వ్రాయవచ్చును, చెడగొట్టవచ్చును అని అంగీకరించుటయే. ఇంటింటి హాస్యమునకు నేడు విమర్శకులు ఇయ్యవలసినది ఆపాటి గౌరవము. అది ఇచ్చిన పిమ్మట ఎంత కఠినముగా మాటలాడినను దానిని బడాయి యనువారు ఉండరు.