మన బండి - మన భద్రత : కొండదారికి విప్పుకునే లింక్ రాడ్‌లు

సకలేశపురం, కొడగు, కోరాపుట్ వైపు కొండదారుల్లో జీపులు తోలే సరదా మన పిల్లల్లో బాగా పెరిగింది. దానితోపాటు "స్వే బార్ లింకులు మార్పిస్తే బండి రాళ్ళ మీద మేకలా ఎక్కుతుందట, కొనవచ్చా?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. కొనేముందు ఆ వస్తువు చేసే పనేమిటో చూద్దాం.

మెకానిక్ షెడ్డులో దీన్ని స్టెబిలైజర్ రాడ్ అంటారు. బండి అడుగున ఎడమ నుండి కుడికి అడ్డంగా పోయి, రెండు చివర్లా వంగి ఉండే స్ప్రింగు ఉక్కు కడ్డీ ఇది. దాని ఒక్కొక్క కొసనూ చక్రం వైపుకు కలిపే పొట్టి కడ్డీయే లింక్ రాడ్. ఘాట్ మలుపులో బండి ఒక పక్కకు ఒరగబోతే ఈ కడ్డీ మెలిపడి ఆ ఒరుగును అడ్డుకుంటుంది. తారురోడ్డు మీద ఇది మన ప్రాణాలకు కాపు.

బండరాళ్ళ దారిలో మాత్రం అదే అడ్డం. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది గోతిలోకి దిగాలి. కడ్డీ రెంటినీ ముడివేసి ఉంచుతుంది గనుక దిగవలసిన చక్రం గాలిలో నిలుస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. లింకు విప్పితే ఏ చక్రానికా చక్రం నేలను అందుకుంటుంది. స్పానర్లతో పనిలేకుండా, పిన్ను లాగితే ఊడివచ్చేట్టు చేసినవే క్విక్ డిస్‌కనెక్ట్ లింకులు.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. జీప్ రాంగ్లర్, సుజుకీ జిమ్నీలలో ముందు రెండు చక్రాలకూ కలిపి ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. లాభం వీటికే ఎక్కువ. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు ముందు చక్రాలు విడివిడి ఆర్మ్‌ల మీద ఉంటాయి. ఆ ఆర్మ్‌ల కదలికకే హద్దుంది కాబట్టి లింకు విప్పినా దక్కేది తక్కువ. రాంగ్లర్ రూబికాన్‌లోనైతే కంపెనీవారే స్విచ్ పెట్టారు. నొక్కితే ముందు కడ్డీ విడుతుంది, వేగం గంటకు సుమారు 29 కి.మీ. దాటితే తనంతట తానే కలుస్తుంది. అటువంటి బండికి వేరే లింకులు కొనడం దండగ.

ఇక ఎంపిక. మొదటిది పొడవు. బండిని చదునైన నేల మీద, చక్రాలపై బరువుండగా నిలిపి కొలవాలి. అప్పుడు కడ్డీ చేతులు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉండాలి. గట్టి యాక్సిల్ బండిని 2 అంగుళాలు ఎత్తు చేయిస్తే లింకు కూడా దాదాపు అంతే పెరగాలి. కొలత తప్పితే చక్రం బాగా దిగినప్పుడు కడ్డీ తలకిందులై ఇరుక్కోవచ్చు. పొడవు సర్దుకునే మరలున్న రకం మేలు.

రెండోది కీళ్ళు. రబ్బరు, పాలీయూరిథేన్ బుష్‌లు చప్పుడు తక్కువ చేస్తాయి. ఇనుప బంతి కీళ్ళు ఎక్కువ తిరుగుతాయి గాని, బురద, ఇసుక చేరితే అరిగి టకటకమంటాయి. రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికి బుష్ రకమే తీసుకోండి. మూడోది పిన్ను. తుప్పు పట్టనిదై, జారకుండా క్లిప్పు ఉండాలి. అప్పుడప్పుడు గ్రీజు పెట్టకపోతే బిగుసుకుపోతుంది. నాలుగోది, విప్పిన కడ్డీని పైకి కట్టే ఏర్పాటు. వేలాడనిస్తే టైరునో బ్రేకు హోస్‌నో రాచుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరపు. పొద్దంతా రాళ్ళలో తిరిగి, అలసిపోయి, విప్పిన లింకులతోనే కుటుంబాన్ని ఎక్కించుకొని ఘాట్ దిగుతారు. ఎదురు లారీని తప్పించబోయి స్టీరింగు చటుక్కున తిప్పితే ఎత్తైన జీపు పల్టీ కొట్టగలదు. కనుక లింకులు విప్పగానే స్టీరింగుకు ఒక ఎర్రగుడ్డ కట్టండి. తారురోడ్డు రాకముందే చదునుచోట ఆగి, రెండు వైపులా బిగించి, మరొకరిచేత చూపించాకే ఆ గుడ్డ విప్పండి. ఒక్క వైపే కలిపి ఎన్నడూ నడపరాదు.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను బండిలో చేసే మార్పులకు హద్దులు పెట్టింది. కాబట్టి ఆర్.టి.ఓ. ఆఫీసులోను, బీమావారినీ, వారంటీ ఇచ్చిన డీలరునూ ముందే అడగండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తోటల మట్టిరోడ్డు ఎక్కే బండికి ఈ లింకులు అక్కరలేదు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి.

టైర్లలో గాలి ఎంత ఉండాలన్నది వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.